చిన్న అక్వేరియంలో ఏ చేపకు ఏ చేప తోడు?

(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో మాట్లాడేవారు సాధారణంగా క్రమశిక్షణ గురించి, సమయపాలన గురించి చెబుతారు. అవి మీరు బళ్లో రోజూ వింటూనే ఉన్నారు. ఈసారి పిల్లలకు ఇష్టమైన విషయం ఒకటి చెప్పమని కార్యవర్గం వారు కోరారు కనుక చేపల గురించి మాట్లాడతాను. వినడానికి చిన్న విషయమే. కానీ దీనిలో రసాయనశాస్త్రం ఉంది, లెక్కలు ఉన్నాయి, ప్రాణాలు కూడా ఉన్నాయి.

మన ఫోరస్ రోడ్డు చాళ్లలో, కామాటిపుర గల్లీల్లో పరీక్షలు అయిపోగానే పిల్లలు అడిగే కోరికల్లో అక్వేరియం ఒకటి. కుక్కను పెంచడానికి ఖోలీలో చోటు చాలదు. చేపలైతే ఒక మూల సరిపోతుంది. క్రాఫర్డ్ మార్కెట్ దగ్గరే. నాన్న ఒక ఆదివారం గాజు పెట్టె, రంగు రాళ్లు, సంచుల్లో పదిహేను రకాల చేపలు కొని తెస్తాడు. రెండు వారాల్లో సగం పోతాయి. పిల్లవాడు ఏడుస్తాడు. "ఇంకెప్పుడూ వద్దు" అంటుంది తల్లి. పెట్టె అటక మీదికి ఎక్కుతుంది. చేపలు జబ్బు చేసి చచ్చాయని అందరూ అనుకుంటారు. చాలాసార్లు జబ్బు తరువాత వచ్చేదే. అసలు కారణం కొన్న రోజునే ఉంటుంది: ఒకదానితో ఒకటి పొసగని చేపలను, సిద్ధం కాని నీటిలో, పట్టనంత సంఖ్యలో వేయడం.

చోటు లెక్క

ముందుగా పెట్టె సంగతి. మన ఇళ్లలో పట్టేది 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న పెట్టె. అంటే దాదాపు 60, 30, 30 సెంటీమీటర్లు. గుణిస్తే 54 లీటర్లు. పైన కాస్త ఖాళీ, అడుగున రాళ్లు తీసేస్తే నిలిచే నీరు సుమారు 45 లీటర్లు. నీరు, గాజు, రాళ్లు కలిపితే బరువు 60 కిలోలు దాటుతుంది. మన భవనాల్లో చాలా వాటికి చెక్క దూలాలే ఆధారం. కాబట్టి పెట్టెను అటక మీద, గ్యాలరీ కఠారా మీద పెట్టవద్దు. గోడకు ఆనించి, నేల మీద గట్టి స్టాండు వేసి పెట్టండి. ఎండ నేరుగా పడకూడదు.

"లీటరుకు ఒక సెంటీమీటరు చేప" అని ఒక పాత సూత్రం ఉంది. చిన్న చేపల వరకు అది పనికొస్తుంది. పెద్ద చేపలకు పనికిరాదు. ఎందుకో ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చెప్పగలరు. అంగుళం చేపలు 10 వేసినా, పది అంగుళాల చేప ఒకటి వేసినా పొడవు మొత్తం ఒకటే. కానీ పొడవు పదింతలైతే శరీరం వెయ్యింతలవుతుంది. తిండి, మలం, పీల్చే ప్రాణవాయువు శరీరాన్ని బట్టి ఉంటాయి కాని పొడవును బట్టి కాదు. కాబట్టి కొనేటప్పుడు చేప ఇప్పుడు ఎంత ఉందని కాదు, పెరిగితే ఎంత అవుతుందని అడగాలి.

దీనికి మనవాళ్లకు బాగా అర్థమయ్యే ఉదాహరణ ఒకటి ఉంది. దుకాణాల్లో "షార్క్" పేరుతో రెండంగుళాల వెండిరంగు చేప పిల్లలు అమ్ముతారు. చురుగ్గా, గుంపుగా తిరుగుతుంటే ముచ్చటగా ఉంటాయి. అది షార్క్ కాదు, పంగాసియస్. ఆంధ్రలో చెరువులు తవ్వి, తిండి కోసం టన్నుల లెక్కన పెంచే చేప అదే. మీటరు పైగా పెరగగలదు. చెరువులో పెరిగేదాన్ని అడుగు వెడల్పు పెట్టెలో వేస్తే, అది గాజుకు తల కొట్టుకుంటూ బతుకుతుంది. నాచు తింటుందని చెప్పి అంటగట్టే సకర్ ఫిష్ కూడా అంతే. అగ్గిపుల్లంత ఉన్నప్పుడు తెస్తాం. అది అడుగు దాటి పెరుగుతుంది.

మన నీళ్లు, మన ఎండ

ఫోరస్ రోడ్డుకు ఆర్.ఎస్. నిమ్‌కర్ మార్గ్ అని పేరు మార్చి చాలా కాలమైంది. కానీ నోటికి వచ్చేది పాత పేరే. అది పోర్చుగీసు వారి 'ఫోరో' అన్న మాట నుంచి వచ్చింది. ఫోరో అంటే శిస్తు. సముద్రపు పోటుకు మునిగే పల్లపు నేలలను బాగుచేసుకోమని తక్కువ శిస్తుకు ఇచ్చేవారు. అలాంటి నేల మీద మనవాళ్లు, తెలుగు కామాటీలు, కూలికి వచ్చి స్థిరపడ్డారు. చేపలు తిరిగిన చోట మనం ఇళ్లు కట్టుకుని, ఇప్పుడు ఇళ్లలోకి చేపలు తెచ్చుకుంటున్నాం.

మన నల్లాకు వచ్చే నీరు తాన్సా, వైతరణ, భాత్సా వంటి జలాశయాల నుంచి వస్తుంది. వాన నీరు కనుక లవణాలు తక్కువ, మెత్తని నీరు. అందులో క్లోరిన్ ఉంటుంది. మనకు మంచిది, చేప మొప్పలకు విషం. తెల్లవారుజామున పట్టిన నీటిని మూత లేని బకెట్టులో 24 గంటలు ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరైతే దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు వాడవచ్చు. మీ భవనంలో బోరు నీరో ట్యాంకరు నీరో కలుస్తుంటే లెక్క మారుతుంది. ఆ నీటిలో లవణాలు ఎక్కువ ఉండవచ్చు. ఒకసారి పరీక్షించుకోవడం మంచిది.

రెండోది వేడి. పై అంతస్తులో, రేకుల కింద ఉన్న ఖోలీలో మే నెలలో పెట్టె నీరు 32 డిగ్రీల దాకా పోతుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద ఏడున్నర. చేపకు మాత్రం వేడిలో ప్రాణవాయువు మరింత కావాలి. ఆదాయం తగ్గి ఖర్చు పెరిగిన ఇల్లు లాంటిది అది. అందుకే గోల్డ్ ఫిష్ మన ఇళ్లకు తగదు. అది చల్లని నీటి చేప, చెత్త ఎక్కువ చేస్తుంది, సరిగ్గా చూస్తే పదేళ్లు దాటి బతుకుతుంది, జానెడు పెరుగుతుంది. గుండ్రని గాజు గిన్నెలో గోల్డ్ ఫిష్ సినిమాల్లో బాగుంటుంది. ఇంట్లో అది శిక్ష.

పొసగని జోడీలు

రెండు చేపలు కలుస్తాయా లేదా అని చూడటానికి నాలుగు ప్రశ్నలు చాలు. రెండింటికీ ఒకే నీరు, ఒకే వేడి సరిపోతాయా? ఒకటి రెండోదాని నోట్లో పడుతుందా? ఒకటి రెండోదాన్ని వేధిస్తుందా? రెండూ నీటిలో ఒకే అంతస్తులో తిరుగుతాయా, వేరు వేరుగానా?

ఈ ప్రశ్నలు వేసి చూడండి. నియాన్ టెట్రా, ఏంజెల్ దుకాణంలో పక్కపక్కనే ఉంటాయి. ఏంజెల్ పిల్లగా ఉన్నప్పుడు గొడవ ఉండదు. పెరిగాక నియాన్ దాని నోటికి సరిగ్గా సరిపోతుంది. ఒక్కో రాత్రి ఒక్కో నియాన్ మాయమవుతుంది. అది కోపం కాదు, ఆకలి. నోట్లో పట్టేదంతా చేపకు తిండే.

టైగర్ బార్బులు చారల చొక్కాలు వేసుకున్న అల్లరి పిల్లల వంటివి. పొడవు తోకలు కనిపిస్తే కొరకకుండా ఉండలేవు. గప్పీ, ఏంజెల్, ఫైటర్ వీటి పక్కన ఉండకూడదు. ఫైటర్ మగవి రెండు ఒక పెట్టెలో ఉంటే ఒకటే మిగులుతుంది. ఫైటర్‌కు గప్పీ మగచేప రంగుల తోక చూసినా ఇంకో ఫైటర్ అనిపించవచ్చు. ఆస్కార్, ఫ్లవర్ హార్న్ వంటివి పెద్దవి, కోపిష్ఠివి. రెండడుగుల పెట్టెకు అవి ఒంటరిగా కూడా ఎక్కువే.

నీటి విషయంలో పొసగనివి కూడా ఉన్నాయి. మోలీకి లవణాలున్న గట్టి నీరు కావాలి. నియాన్‌కు మెత్తని నీరు కావాలి. రెండూ ఒకే పెట్టెలో ఉంటే కొట్టుకోవు. కానీ ఎవరో ఒకరు లోలోపల నలుగుతుంటారు. మన మెత్తని నీటిలో మోలీ వణికినట్టు అటూ ఇటూ ఊగుతుంటే అది జలుబు కాదు, నీరు సరిపడక. మోలీలనే పెంచాలనుకుంటే బాగా కడిగిన ఆల్చిప్పల ముక్కలు పెట్టెలో వేస్తే నీరు నెమ్మదిగా గట్టిపడుతుంది. టెట్రాలు ఉన్న పెట్టెలో అవి వేయవద్దు.

ఒక మాట గుర్తుంచుకోండి. మన చాళ్లలో పక్కింటివాళ్లతో మాటామాటా వస్తే గ్యాలరీలోకి వెళ్లి నిలబడతాం, కిందికి దిగి చాయ్ తాగి వస్తాం. అంతలో కోపం చల్లారుతుంది. చేపకు గ్యాలరీ లేదు. వేధించేవాడితోనే ఇరవై నాలుగు గంటలూ ఉండాలి. అందుకే దాని తరఫున ముందుగా ఆలోచించవలసిన బాధ్యత మనది.

పొసిగే జోడీలు

మన 45 లీటర్ల నీటికి నాలుగు ఏర్పాట్లు చెబుతాను. వీటిలో ఒక్కటే ఎంచుకోవాలి, నాలుగూ కలపకూడదు.

మొదటిది, గప్పీ మగచేపలు 6. మగవే ఎందుకంటే ఆడ గప్పీ దాదాపు నెలకోసారి పిల్లలను పెడుతుంది, ఒక్కోసారి ముప్పై దాకా. ఒకసారి జోడు కట్టాక కొన్ని నెలల పాటు మగచేప లేకుండానే పిల్లలు పెట్టగలదు. కాబట్టి "ఒక్క ఆడదే కదా తెచ్చాం" అంటే కుదరదు. చక్రవడ్డీ ఎలా పెరుగుతుందో పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు కానీ, పెరిగిన అసలు దాచడానికి మన దగ్గర చోటు లేదు. గప్పీలకు కూడా కొంచెం గట్టి నీరే ఇష్టం. రెండు మూడు ఆల్చిప్పలు వేయండి.

రెండోది, జీబ్రా డానియోలు 8. ఇవి మన దేశపు చేపలే. గట్టి ప్రాణం. గుంపుగా ఉండాలి. రెండో మూడో వేస్తే ఒకదాన్నొకటి తరుముకుంటాయి, ఎనిమిది ఉంటే ఆ అల్లరి అందరికీ పంచుకుపోతుంది. ఎగిరి బయట పడతాయి కనుక మూత తప్పనిసరి. పైగా మన గల్లీల్లో పిల్లులకు కొదవ లేదు.

మూడోది, హనీ గౌరామి జంట, దానితో హార్లెక్విన్ రాస్బోరాలు 6. రెండింటికీ మన మెత్తని నీరు పడుతుంది. గౌరామి పైభాగంలో నెమ్మదిగా తిరుగుతుంది, రాస్బోరాలు మధ్యలో గుంపు కడతాయి. ఒకరి దారికి ఒకరు అడ్డురారు. హనీ గౌరామి కూడా మన ఈశాన్య ప్రాంతపు చేప. ఊళ్లో మన కొరమీను పైకి వచ్చి గాలి మింగినట్టే ఇదీ మింగుతుంది. అందుకే వేసవిలో కొంత తట్టుకుంటుంది.

నాలుగోది, ఒకే ఒక ఫైటర్. తోడు లేదని జాలిపడకండి. దానికి ఒంటరితనమే సుఖం. కానీ దుకాణంలో చూపించే గ్లాసంత సీసాలో మాత్రం పెట్టవద్దు.

నేను చెప్పిన సంఖ్యలు గరిష్ఠం. ఇంకా నీరు తళతళలాడుతోంది కదా, ఇంకో రెండు వేద్దాం అనిపిస్తుంది. ఆ ఆశనే ఆపుకోవాలి.

నీటి ఖాతా

బ్యాంకులో పనిచేసినవాడిని కనుక దీన్ని ఖాతా రూపంలో చెబుతాను. చేపకు వేసిన తిండి జమ. అది మలంగా, మిగిలిన మెతుకుగా మారి అమ్మోనియా అవుతుంది. అమ్మోనియా విషం. నీటిలో, రాళ్ల మీద, ఫిల్టరు స్పంజిలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. ఇంకో రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు కొంతవరకు ప్రమాదం లేనిది. మొక్కలు కొంత పీల్చుకుంటాయి, మిగతాది మనం నీరు మార్చి తీసేయాలి. అప్పుడే ఖాతా సరిపోతుంది.

ఈ సూక్ష్మజీవులు కొత్త పెట్టెలో ఉండవు. అవి స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. కొన్న రోజే పదిహేను చేపలు వేస్తే అమ్మోనియా పేరుకుంటుంది, దాన్ని తీసుకునే వారు ఉండరు. రెండు వారాల్లో చేపలు పోవడానికి కారణం ఇదే. కాబట్టి ముందు పెట్టె, నీరు, ఫిల్టరు పెట్టి, చేపలు లేకుండానే రోజూ చిటికెడు చేప తిండి వేస్తూ ఆ వారాలు గడపండి. తెలిసిన వారింట్లో ఆరోగ్యంగా నడుస్తున్న పెట్టె ఉంటే వారి ఫిల్టరు స్పంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకుంటే పని త్వరగా అవుతుంది. తరువాత మొదట రెండు మూడు చేపలు, వారం పది రోజులు ఆగి మరికొన్ని వేయండి.

వారానికి ఒకసారి నాలుగో వంతు నీరు తీసి, నిలవ ఉంచిన నీరు పోయండి. మొత్తం నీరు మార్చి, రాళ్లు సబ్బుతో తోమి కడగడం శుభ్రత కాదు, ఖాతా మూసేయడం. స్పంజిని పెట్టెలోంచి తీసిన నీటిలోనే పిండండి, నల్లా కింద కాదు. రాత్రి కరెంటు ఆదా చేద్దామని ఫిల్టరు ఆపవద్దు. 5 వాట్ల ఫిల్టరు నెలంతా ఆపకుండా నడిస్తే అయ్యేది 3.6 యూనిట్లు మాత్రమే. తిండి రెండు నిమిషాల్లో తినేసేంత వేయండి. ఇంట్లో నలుగురూ నాలుగుసార్లు వేయకుండా ఆ బాధ్యత ఒక్కరికే అప్పగించండి.

ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. తేదీ, మార్చిన నీరు, వేసిన చేపలు, పోయిన చేపలు, ఆ రోజు వేడి రాయండి. ఆరు నెలల తరువాత ఆ పుస్తకమే మీకు గురువు అవుతుంది.

ఇల్లు మారే రోజు

తల్లిదండ్రులకు ఒక మనవి. మన కామాటిపుర పునర్నిర్మాణం మ్హాడా చేతికి వచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో, ఎవరు ఎక్కడ తాత్కాలికంగా ఉండవలసి వస్తుందో ముందే చెప్పలేం. కాబట్టి చేపను ఎంచుకునేటప్పుడు దాని ఆయుష్షు కూడా చూడండి. గప్పీ రెండేళ్లు, డానియో మూడు నాలుగేళ్లు. గోల్డ్ ఫిష్, సకర్ ఫిష్ పదేళ్లకు పైగా. రెండడుగుల పెట్టెను టెంపోలో తీసుకుపోవచ్చు. నాలుగడుగుల పెట్టెకు కొత్తచోట దిక్కుండదు.

అలాంటప్పుడు కొందరు పెద్దయిన చేపలను చెరువులోనో గుడి కోనేట్లోనో వదిలేస్తారు. పుణ్యమని కూడా అనుకుంటారు. అది పుణ్యం కాదు. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియం కోసం వచ్చిన సకర్ ఫిష్ ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ నీళ్లలో పెరిగిపోయింది. దాని ముళ్ల కవచం జాలర్ల వలలను చింపేస్తుంది. పట్టినా కొనేవారు లేరు. దెయ్యం చేప అని పేరు పెట్టారు. ఇది ఎంత దూరం పాకిందో నీటిలో కలిసిన డి.ఎన్.ఏ. ద్వారా కనిపెట్టే పద్ధతిని హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు రూపొందించారు. మనం ఇక్కడ జాలిపడి వదిలేసే చేప ఎక్కడో ఒక మత్స్యకారుని ఆ పూట కూడు తీయవచ్చు. ఉంచుకోలేని చేపను దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెంచేవారికి ఇవ్వండి. దోమల నివారణకు మునిసిపాలిటీ గప్పీలను వాడుతుంది కదా అంటారేమో. అది వారు చోటు చూసి చేసే పని. మనం చేయకూడదు.

చదువుకు దారి

విద్యార్థులకు చివరి మాట. ఈ అభిరుచి ఒక చదువు కూడా. నేను చెప్పిన జీబ్రా డానియోనే శాస్త్రజ్ఞులు జీబ్రాఫిష్ అంటారు. దాని జన్యుపటం 2013లో ప్రచురించారు. మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి సరిపోలేవి దానిలో ఉన్నాయని తేలింది. అందుకే ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో దాన్ని పెంచుతున్నారు. మన ఊళ్లోనే వర్సోవాలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ ఉంది. 1961లో స్థాపించారు. అక్కడ మత్స్యశాస్త్రంలో పోస్టుగ్రాడ్యుయేషను, పిహెచ్.డి. చేయవచ్చు. ముంబై సెంట్రల్‌లో లోకల్ ఎక్కి అంధేరీలో దిగి మెట్రో పట్టుకుంటే చేరే దూరం. దానికి ముందు బి.ఎఫ్.ఎస్‌సి. అనే నాలుగేళ్ల డిగ్రీ ఉంది. నెల్లూరు జిల్లా ముత్తుకూరులోని మత్స్య కళాశాల అలాంటిదే. పన్నెండో తరగతిలో జీవశాస్త్రం తీసుకున్నవారు ఈ దారి గురించి తెలుసుకోండి. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశానికి ముందు నిలుస్తోంది. ఆ రంగంలో చదువుకున్నవారి అవసరం ఉంది.

మా తరం వారు చర్నీ రోడ్డు దగ్గర తారాపోర్‌వాలా అక్వేరియం చూసి పెరిగారు. 1951లో మొదలైన ఆ అక్వేరియం కోవిడ్ కాలంలో మూతపడింది. మీకు ఇంట్లోని గాజు పెట్టే అక్వేరియం. దాన్ని బాగా చూసుకోండి. అయితే ఈ రోజు అందుకున్న స్కాలర్‌షిప్పు సొమ్ముతో మాత్రం చేపలు కొనవద్దు, అది పుస్తకాలకు, ఫీజులకు. చేపల కోసం వేరే డబ్బు కూడబెట్టండి. కూడబెట్టేలోపు ఆరు వారాలు గడుస్తాయి. ఈ ఆరు వారాల్లో ఏ చేప కావాలో, దానికి తోడు ఏదో కాగితం మీద రాసి, ఆ నాలుగు ప్రశ్నలూ వేసి చూడండి. కాగితం మీద పొసిగితే అప్పుడు క్రాఫర్డ్ మార్కెట్‌కు వెళ్లండి.